బోదె బాగుకి నేనొక్కణ్ణే ఎందుకివ్వాలి?

ప్రశ్న: మాది మొగల్తూరు వైపు, కాలవ శివారు. మా బోదె (కాలవ నించి చేలకి నీళ్ళు తెచ్చే పిల్ల కాలవ) కింద నలభై మంది దాకా రైతులం ఉన్నాం. ఏటా మేలో కాలవలకి నీళ్ళు ఆపేసినప్పుడు ఎకరానికి 400 వేసుకుని జేసీబీతో తూడూ గుర్రపుడెక్కా తీయిస్తాం. తూము దగ్గర ఉన్న నలుగురైదుగురు మూడేళ్ళ నించి రూపాయి ఇవ్వట్లేదు, మాకు నీళ్ళు ఎలాగూ వస్తున్నాయి కదా అంటారు. వాళ్ళని చూసి మధ్యలోవాళ్ళూ మానేస్తున్నారు. ఈసారి నేనూ మానేద్దామనుకుంటున్నా, తప్పా అండీ?
- ఒక రైతు

జవాబు: తప్పేం కాదండీ, కానీ నష్టం మాత్రం మీకే. మీరు మానేస్తే పైవాడి చేనుకి ఏమీ అవదు, ఎండేది మీ నాట్లే.

టిక్కెట్టు తీసుకోకుండా బస్సెక్కినోణ్ణి ఎకనామిక్స్‌లో ఫ్రీ రైడర్ అంటారు. బస్సులో అయితే కండక్టరు దింపేస్తాడు, బోదెలో ఎవరు దింపుతారు? నీళ్ళు ముందు వాడి చేను పక్కనించే పోవాలాయె. పోనీ వీధిలైటు లాంటిదా అంటే అదీ కాదు, లైటు కింద ఇంకొకడు నిలబడితే మీకు వెలుతురు తగ్గదు, నీళ్ళు అలా కాదు కదా, పైన ఒక అంగుళం ఎక్కువ పెట్టుకుంటే కింద ఆ అంగుళం ఉండదు. ఆపడం కష్టం, వాడితే తరిగిపోద్ది, ఈ రెండూ కలిసినవాటినే ఉమ్మడి వనరులంటారు.

1968లో గారెట్ హార్డిన్ అనే ఆయన ఇలాంటివి ఎవరికి వాళ్ళు వాడేసుకుని పాడు చేస్తారు, సర్కారు చేతికైనా ఇవ్వాలి లేదా పంచి సొంతమైనా చెయ్యాలి అని రాశాడు. మనవాళ్ళలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ ఆ మాట నమ్మకుండా ఊళ్ళలో జనం నిజంగా ఏం చేస్తున్నారో చూసింది, 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, ఆడవాళ్ళలో మొదటిది ఆవిడకే. నేపాల్ కాలవల మీద ఆవిడ చెప్పినది మీకు పనికొస్తది. అక్కడ రాళ్ళూ కొమ్మలూ వేసి కట్టుకున్న కట్టలు ప్రతి వర్షాకాలం కొట్టుకుపోయేవి, మళ్ళీ కట్టాలంటే శివారోళ్ళ రెక్కలు కూడా కావాలి, అందుకని పైవాళ్ళు వాళ్ళకి నీళ్ళు వదిలేవారు. తర్వాత సిమెంటుతో గట్టి కట్టలు కట్టిచ్చిన చోట్ల పైవాడికి కిందవాడితో పని లేకుండా పోయింది, శివారుకి నీళ్ళూ తగ్గాయి!

మన డెల్టాలో అయితే ఆ అవసరం మొదట్నించీ తక్కువే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, సుమారు 10 లక్షల ఎకరాలు ఇప్పుడు దాని బదులు కట్టిన బ్యారేజీ మీద బతుకుతున్నాయి, దణ్ణం పెట్టాల్సిందే, కానీ కట్ట వెయ్యడానికి పొరుగోడి చెయ్యి పట్టుకోవాల్సిన పని మనకి పడలేదు.

అందుకని పైవాడికి మీతో ఏం పనుందో వెతకండి. నాకు తోచింది డ్రెయిను. నీళ్ళు వచ్చేటప్పుడు పైవాడు రాజు, దిగేటప్పుడు కాదు. నవంబరులో వాయుగుండం పట్టి కోతకొచ్చిన చేలు మునిగితే వాళ్ళ నీరు కూడా మీ చేల పక్క డ్రెయినులోంచే సముద్రం వైపు దిగాలి, అది పూడిపోతే పైన కూడా నీరు తియ్యదు. (అడ్డం కట్టమనట్లేదండోయ్, ముందు మునిగేది మీ చేనే.) బోదెకి వేరే, డ్రెయినుకి వేరే చందా వెయ్యకండి, రెండిటికీ కలిపి ఒకటే లెక్క, ఒకటే జేసీబీ, ఇచ్చినోళ్ళ పేర్లు, ఎకరాలు రామాలయం అరుగు దగ్గర గోడ మీద రాయించండి. ఇవ్వనోడికి మొదటిసారే పెద్ద జరిమానా వేసి పగ పెంచుకోవద్దు, చిన్నగా మొదలెట్టి పెంచుకుంటూ పోవడమే నిలబడుద్దని ఆస్ట్రమ్ కూడా చెప్పింది.

ఇంకో సంగతి, ఇవ్వనివాళ్ళలో కౌలు రైతులెంతమందో చూడండి. ఏడాది కౌలు చేసేవాడికి వచ్చే ఏడు ఆ చేను ఉంటుందో లేదో తెలీదు, హైదరాబాద్‌లో ఉన్న ఆసామికి బోదె ఎటుందో తెలీదు. కౌలు మాట్లాడుకునే రోజే ఆ 400 ఎవరిదో తేల్చేస్తే సగం గొడవ తగ్గుద్ది.

శివారోళ్ళం కదా మనవల్ల ఏమవుద్దిలే అనుకోకండి. కర్నూలు జిల్లాలో కాలవల కింద ఊళ్ళు తిరిగి చూసిన రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1988లో రాసిందేంటంటే, కట్టుబాట్లు పెట్టుకుని ఊరుమ్మడి డబ్బుతో నీళ్ళు పెట్టే మనుషుల్ని పెట్టుకున్నవి ఎక్కువగా శివారు ఊళ్ళేనట. నీళ్ళు పుష్కలంగా ఉన్న పై ఊళ్ళకి ఆ అవసరమే రాలేదు.

ప్రశ్న: మా డిగ్రీ పుస్తకంలో పబ్లిక్ గూడ్‌కి (ఎవర్నీ వాడకుండా ఆపలేనిది, ఒకరు వాడితే ఇంకొకరికి తరగనిది) ఉదాహరణ అని లైట్‌హౌస్ ఇచ్చారు. మా అంతర్వేదిలోనూ ఉంది. దానికి డబ్బు నిజంగా ఎవరూ కట్టరా?
- విద్యార్థిని, రాజోలు

జవాబు: కడతారమ్మా. సముద్రం మధ్యలో వెలుతురు చూసిన ఓడని పట్టుకుని అడగలేరు, నిజమే, కానీ ఆ ఓడ ఎప్పుడో అప్పుడు రేవుకి రావాలిగా, అక్కడ వసూలు చేస్తారు. ఇంగ్లండులో పూర్వం కొన్ని లైట్‌హౌసులు ప్రైవేటువాళ్ళు ఇలాగే నడిపారని రొనాల్డ్ కోస్ అనే ఎకనామిస్టు 1974లో రాసి పుస్తకాలవాళ్ళందరికీ చురక పెట్టాడు. మన దేశంలోనూ 1927 చట్టం కింద రేవుల్లో లైట్ డ్యూస్ (దీపం రుసుము) అని తీసుకునేవారు, 2021లో దాని బదులు కొత్త చట్టం వచ్చింది. కానీ పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయి, ఇది కింద రెండు లైన్లలో చేర్చు, మార్కులు పోతే నన్ననకు.