కూలర్ పెట్టినా ఉక్కపోతేనా?

ప్రశ్న: ఎండలు ముదరకముందే అటక మీంచి కూలర్ దించి పెట్టాం. గంట తిరిగేసరికి దుప్పట్లు చెమ్మ, ఒళ్లంతా జిడ్డు. హైదరాబాద్‌లో మా చెల్లెలింట్లో ఇదే రకం కూలర్ హాయిగా ఉంటుంది. కొత్త కుండ కూడా కొన్నాం, రంగులేసి ముగ్గు పెట్టినది, చూడముచ్చటగా ఉంది గానీ నీళ్లు చల్లబడవు. ఎందుకంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పు కూలర్‌ది కాదండీ, మీ ఊరి గాలిది. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటేనే చల్లదనం; సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఇంకేం ఆవిరవుతుంది? పైగా చల్లదనం బయటికి పోతుందని తలుపులూ కిటికీలూ బిగించేస్తాం (అందరిళ్లలోనూ ఇదే తంతు), దాంతో గది ఇడ్లీ పాత్ర అవుతుంది. కూలర్ వెనక భాగం కిటికీ వైపు ఉండేలా పెట్టి, ఎదురు కిటికీ తెరవండి. మరీ ఉక్కగా ఉన్న రోజు నీళ్ల పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి, అదే నయం.

కుండకి రంగు పూస్తే మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, నీరు పైకి చెమర్చదు. రంగులేనిది తెచ్చి, ఒక రోజంతా నీళ్లలో నాననిచ్చి, గాలి తగిలేచోట తడి ఇసుక మీద పెట్టండి. సబ్బుతో మాత్రం తోమొద్దు, కొబ్బరి పీచు చాలు. మీ చెల్లెలి ఊళ్లో చల్లబడినంతగా ఇక్కడ నీళ్లు చల్లబడవు గానీ గొంతుకి హాయిగానే ఉంటాయి. ఆ ముగ్గుల కుండలో మనీప్లాంట్ పెట్టుకోండి.