ఊరి బ్యాండులో మొదలైన ట్రంపెట్

ప్రశ్న: మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళుగా చిత్తూరు, పలమనేరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలోనూ జాతర్లలోనూ బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తున్నారు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. జాజ్ నేర్చుకోవాలని ఉందంటే, బ్యాండుకు అలవాటుపడిన పెదవికి ఆ సంగీతం పలకదని ఒక మిత్రుడు అన్నాడు. ఇటలీలో ఊరి బ్యాండు నుంచే వచ్చిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు ఒకాయన ఉన్నారని విన్నాను. ఆయన గురించి చెప్పగలరా? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీరు విన్నది పావోలో ఫ్రెజు గారి గురించే అయి ఉంటుంది. మధ్యధరా సముద్రంలోని సార్డీనియా ద్వీపంలో, మూడు వేల జనాభా కూడా లేని బెర్కిడ్డా అనే ఊళ్ళో, గొర్రెల కాపరుల కుటుంబంలో ఆయన 1961 ఫిబ్రవరి 10న జన్మించారు. పదకొండో ఏట ఆ ఊరి బ్యాండులో చేరి ట్రంపెట్ పట్టారు. ఇటలీలో చాలా చిన్న ఊళ్ళకు కూడా సొంత బ్యాండు ఉంటుంది. తిరుపతిలో గంగమ్మ జాతరకు మేళం కదిలినట్టే అక్కడ పునీతుల ఉత్సవాలకు ఆ బ్యాండు వీధుల్లో నడుస్తుంది. నడుస్తూ ఊదడం, ఆరుబయట గాలికి శ్రుతి చెదరకుండా చూసుకోవడం, పక్కవారి వాద్యాన్ని వింటూ తన వంతు అందుకోవడం అనే మూడు విద్యలూ గదిలో కూర్చుని నేర్చుకునే విద్యార్థికి అంత సులభంగా అబ్బవని నా నమ్మకం.

ఆయనకు జాజ్ పరిచయమైంది 1980లో. 1982 నుంచి అదే వృత్తి అయింది. 1984లో సార్డీనియా రాజధాని కాల్యరిలోని సంగీత కళాశాల నుంచి ట్రంపెట్‌లో పట్టా పొందారు. అదే ఏడాది సాక్సఫోన్‌కు టీనో ట్రకాన్నా, పియానోకు రొబెర్తో చిపెల్లి, బాస్‌కు అత్తీలియో జాంకి, డ్రమ్స్‌కు ఎత్తొరె ఫియొరవాంతి గార్లతో అయిదుగురి బృందాన్ని ఏర్పరచుకున్నారు. మేళగాళ్ళు సీజనుకొకరు మారిపోవడం మీ ఇంట్లో తెలియని సంగతి కాదు. ఆ అయిదుగురు మాత్రం నలభై ఏళ్ళు గడిచినా అలాగే కలిసి వాయిస్తున్నారు. ఒకరు స్వరం ఎత్తకముందే అది ఎటు వెళుతుందో మిగిలిన నలుగురికీ అందుతుందంటే, ఆ అందుబాటు ఇన్నేళ్ళ సహవాసం వల్ల వచ్చినదే.

ఇక ఆయన నాదం సంగతి. మైల్స్ డేవిస్, చెట్ బేకర్ అనే ఇద్దరు అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుల ప్రభావం ఆయన మీద స్పష్టంగా వినిపిస్తుంది. ట్రంపెట్ వెడల్పాటి నోటిలో మ్యూట్ అనే, ధ్వనిని అణిచే లోహపు బిరడా బిగించి, దాదాపు మైక్‌ను తాకేంత దగ్గరగా పెట్టి ఊదినప్పుడు, పెళ్ళి ఊరేగింపులో వీధి చివరిదాకా మోగే వాద్యం ఇదేనా అనిపించేంత సన్నని, కొంచెం జీర ఉన్న ధ్వని వస్తుంది. ట్రంపెట్ కన్నా మెత్తగా పలికే ఫ్లూగల్‌హార్న్‌ను కూడా ఆయన అంతే ఇష్టంగా వాయిస్తారు. ఒక్కోసారి ఒకే స్వరాన్ని నిమిషాల తరబడి తెగకుండా నిలుపుతారు. బుగ్గల్లో నిలువ ఉంచిన గాలిని బయటికి నెడుతూ, ఆ క్షణంలోనే ముక్కుతో ఊపిరి తీసుకునే కిటుకు అది. మన నాదస్వర మేళంలో ఒత్తు పట్టేవారు శ్రుతి తెగకుండా ఊదేది ఈ పద్ధతిలోనే కనుక, తిరుపతిలో పాత మేళగాళ్ళు ఎవరైనా తెలిసి ఉంటే వారి దగ్గరే దాన్ని అభ్యసించవచ్చు.

అంతటి పేరు వచ్చాక ఆయన తన ఊరిని వదిలిపెట్టలేదు. 1988లో బెర్కిడ్డాలోనే 'టైమ్ ఇన్ జాజ్' అనే ఉత్సవాన్ని ప్రారంభించారు. ఏటా ఆగస్టులో జరిగే ఆ ఉత్సవంలో ఊరి నడుమ కూడలిలోనే కాక పొలాల మధ్య చర్చిల దగ్గర, అడవుల్లో కూడా కచేరీలు ఉంటాయి. 2011లో తన యాభయ్యో ఏట సార్డీనియాలోని యాభై చోట్ల, యాభై రోజుల పాటు రోజుకొకటి చొప్పున యాభై కచేరీలు చేశారు. అదే ఏడాది కోర్సికా ద్వీపపు గాయక బృందం 'అ ఫిలెత్తా'తో కలిసి చేసిన 'మిస్తికో మెదితెర్రానెయో' అనే రికార్డు వెలువడింది. నాకు ఆయన రికార్డుల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

మీ మిత్రుడి మాటలో ఒక్క పాలు నిజముంది. ఊరేగింపులో డప్పులను, జనరేటరు చప్పుడును దాటి వినిపించాలి కనుక మౌత్‌పీస్‌ను పెదవికి గట్టిగా అదిమి ఊదే అలవాటు పడుతుంది, దాంతో మంద్రంగా, మెల్లగా పలికించడం కష్టమవుతుంది. అది సాధనతో పోయేదే. రోజూ ఉదయం పావుగంట సేపు, పక్కగదిలో నిద్రపోతున్నవారు లేవనంత మెల్లగా, ఒక్కొక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ నిలిపి ఊదండి. తరవాత ఆ 'మిస్తికో మెదితెర్రానెయో' రికార్డు పెట్టి నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ స్వరం మీట నొక్కితే వచ్చిందో, ఏది పెదవి వదులు చేస్తే జారిందో మీకన్నా ముందు ఆయనే పట్టుకుంటారు.