10 లక్షలకు సగం గానుగ రాసివ్వాలా?

ప్రశ్న: నంద్యాలలో నా పేరు మీదే చిన్న గానుగ నూనెల యూనిట్ ఉంది. రెండో గానుగ, ప్యాకింగ్ మెషీన్ పెట్టాలంటే 15 లక్షలు కావాలి. మా పెదనాన్నగారి అబ్బాయి 10 లక్షలు ఇస్తానంటున్నాడు కానీ సగం వాటాకు పార్ట్‌నర్‌షిప్ రాయమంటున్నాడు. ఒక ఫైనాన్స్ వ్యాపారి రెండు రూపాయల వడ్డీకి మొత్తం ఇస్తాడట, ఇంటి మీద సేల్ అగ్రిమెంట్ కావాలట. సరుకు తీసుకునే సూపర్ మార్కెట్లేమో మూడు నెలలకు గానీ డబ్బు వేయవు. యూనిట్ నా చేతిలోనే ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సేల్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. "అప్పు తీరగానే చించేస్తాం" అంటారు. రేపు గొడవొస్తే కోర్టు ముందుండేది కాగితమే, అందులో మీరు ఇల్లు అమ్ముతానని అడ్వాన్సు తీసుకున్నట్టుంటుంది. కొందరు ఏకంగా సేల్ డీడే రాయించుకుని, తిరిగి రాసిస్తామని వేరే కాగితం ఇస్తారు. ఆస్తి బదిలీ చట్టం 58(సి) ప్రకారం ఆ షరతు అదే దస్తావేజులో లేకపోతే దాన్ని తనఖాగా చూడరు. ఇల్లు పెట్టక తప్పకపోతే తనఖా అనే రాయండి. పైగా రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. వడ్డీకే నెలకు 30 వేలు పోతాయి.

ఇక మీ అన్నయ్య. సగం వాటా ఇస్తే, డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే, మీరు పెట్టిన గానుగ, ఇన్నేళ్ల పేరు కూడా సంస్థ ఆస్తి అయిపోతాయి. ఆయన చేసిన వ్యాపార అప్పుకు మీ ఇల్లూ బాధ్యత పడుతుంది. గడువు రాయని పార్ట్‌నర్‌షిప్ అయితే ఒక్క నోటీసుతో రద్దు చేయొచ్చు. ఆయన మంచివారే కావచ్చు, కానీ రేపు ఆయన వారసులతో లెక్కలు తేల్చుకోవాల్సిందీ మీరే.

ఆయన డబ్బు వద్దనక్కర్లేదు. అప్పుగా తీసుకోండి. లాభంలో కొంత శాతం ఇస్తానని రాసినా, అంతమాత్రాన అప్పిచ్చినవాడు భాగస్వామి కాడని 1932 నాటి భాగస్వామ్య చట్టం 6వ సెక్షనే చెబుతోంది. గడువు, వాయిదా, లాభంలో శాతానికి గరిష్ఠ పరిమితి, నిర్వహణలో హక్కు లేదన్న మాట స్పష్టంగా రాయించండి. అయితే కాగితంతోనే అయిపోదు. ఆయన రోజూ గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెక్కుల మీద సంతకాలు పెడుతుంటే కోర్టు ఆ నడవడికనే చూస్తుంది.

బ్యాంకుకు వెళ్లారో లేదో మీరు రాయలేదు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉచితం, లేకపోతే ఈ వారమే చేయించండి. చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర ప్రభుత్వ రుణ పథకం ముద్ర కింద 10 లక్షల దాకా అడగొచ్చు. అందులోనే 20 లక్షల 'తరుణ్ ప్లస్' రకం ఉంది కానీ, అది ముద్రలోని 'తరుణ్' రకం రుణం ఇంతకుముందు తీసుకుని తీర్చినవారికే. 10 లక్షలకు మించి కావాలంటే సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల అప్పుకు బ్యాంకుకు హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీతో ఇవ్వమనండి, ఆస్తి తాకట్టు ఉండదు. గ్యారంటీ ఉందని అప్పు మాఫీ అయినట్టు కాదు. కట్టకపోతే మీ మీదే వసూలుకు వస్తారు, సొంత యూనిట్‌కూ మీకూ చట్టం దృష్టిలో తేడా లేదు.

అన్నిటికన్నా చవకైన డబ్బు సూపర్ మార్కెట్ల నుంచి మీకు రావాల్సిన బకాయిలే. మీది తయారీ యూనిట్ కాబట్టి 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం (ఎంఎస్‌ఎంఈడీ) వర్తిస్తుంది. సరుకు తీసుకున్నవారు డబ్బు వేయడానికి, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇవ్వకపోతే ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ఉద్యం లేని రోజుల్లో పంపిన సరుకు మీద మాత్రం సూపర్ మార్కెట్లవాళ్లు పేచీ పెడతారు. కౌన్సిల్ దాకా వెళ్తే ఆ షాపు మళ్లీ ఆర్డర్ ఇస్తుందా అన్నది వేరే లెక్క. ముందు 45 రోజుల మాట బిల్లు మీదే అచ్చు వేయించి చూడండి.

ఎవరి దగ్గర తీసుకున్నా బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, అదీ పుచ్చుకున్న మీకే. ప్రోనోటులో అంకె, తేదీ ఖాళీగా వదిలి సంతకం పెట్టమంటే, అడిగింది అన్నయ్యే అయినా పెట్టకండి.