తీరం దాటిందంటే అయిపోయినట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి గాలివానే విషయం. ముప్పై ఏళ్లు కర్నూలులో పిల్లలకు భూగోళం చెప్పినదాన్ని, 2009 వరదలో ఇల్లు మునిగినదాన్ని. అందుకే చోటంతా ఈ మూడింటికే ఇచ్చేస్తున్నాను. మిగతావాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మా, మాది డోన్. మా పాపను మచిలీపట్నం ఇచ్చినాము. ఇప్పుడు ఏడో నెల. మే నెలాఖరుకు కాన్పు అని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి పిలుచుకొని వద్దామంటే, "ఎండల్లో అంత దూరం ఎందుకు, ఇక్కడే ఉండనీండి" అంటున్నారు వియ్యంకులు. నాకేమో తుపాను భయం. తుపాన్లు వచ్చేది కార్తీకంలో కదా, ఎండాకాలంలో ఏం తుపాను అని మా ఆయన కొట్టిపారేస్తున్నాడు. నాది ఉత్త భయమేనా? – ఒక తల్లి, డోన్

జవాబు: ఉత్త భయం కాదమ్మా. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం ఏటా రెండుసార్లు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి. నడుమ నైరుతి నెలల్లో కింద గాలి పడమటి నుంచి, బాగా పైన గాలి తూర్పు నుంచి బలంగా వీస్తుంటాయి. ఆ లాగుడికి మేఘాల గోపురం నిలబడలేదు, అల్పపీడనంగానో వాయుగుండంగానో మిగిలిపోతుంది. మేలో ఆ అడ్డు ఇంకా ఉండదు, సముద్రమేమో కాగి ఉంటుంది.

మీ ఆయనకు రెండు తారీఖులు చెప్పండి. 1990 మే 9న పెద్ద తుపాను కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే, అంటే మీ పాప ఊరికి కిందనే, తీరం దాటింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. అయితే మే తుపాన్లలో చాలావరకు మన తీరానికి రాకుండా ఒడిశా, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు తిరిగిపోతాయి. ఇది కూడా నిజమే కాబట్టి ఇప్పటి నుంచే నిద్ర మానుకోవద్దు.

తీరంలో మనుషుల్ని తీసుకుపోయేది ముఖ్యంగా ఉప్పెన. మన సీమవాళ్లకు గాలి తెలుసు, వాన తెలుసు, ఉప్పెన తెలీదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో కొన్ని ఇళ్లలో దీపం పెట్టే మనిషి కూడా మిగల్లేదు. 1990 నాటిది కూడా చిన్న తుపానేమీ కాదు. కానీ హెచ్చరిక ముందే అంది, లక్షకు పైగా జనాన్ని తీరం నుంచి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. ఒక్క ప్రాణమైనా ఎక్కువే. కానీ ఈ రెండు లెక్కల మధ్య తేడా అంతా ముందే ఇల్లు వదిలి కదలడంలోనే ఉంది.

ఒక కిటుకు చెబుతాను, పాపకు కూడా చెప్పండి. మన తుపానులో గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. అందుకని తీరం దాటిన చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. దక్షిణాన గాలి భూమి మీద నుంచి సముద్రం వైపు పోతుంది. బాపట్ల దగ్గర దాటుతుందంటే మచిలీపట్నం ఉత్తరాన పడుతుంది, కదలాల్సిందే. కాకినాడ దగ్గరంటే కొంత మేలు. మరో సంగతి, గాలి హోరు ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందనుకొని ఎవరూ వాకిట్లోకి రాకూడదు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి అవతలి దిక్కు నుంచి అదే జోరుతో కొడుతుంది.

ఇక నన్నడిగితే, డాక్టరమ్మ సరేనంటే ఎనిమిదో నెల ముదరకముందే రైల్లో పిలుచుకొని రండి. తుపాను వచ్చి తీరుతుందని కాదు. వచ్చిన రోజున చెట్లు పడి దారులు మూసుకుపోతాయి, కరెంటు ఉండదు, ఆ రాత్రే నొప్పులు వస్తే ఆడపిల్ల పడే అవస్థ నేను ఊహించుకోలేను. వియ్యంకులు ఒప్పుకోకపోతే మాట పెంచుకోవద్దు. ఆశా కార్యకర్త దగ్గర పాప పేరు, కాన్పు తేదీ రాయించమనండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు నెలలు నిండినవాళ్లను ముందే ఆసుపత్రికి చేర్చడం ఇప్పుడు అక్కడ మామూలే. కాన్పయ్యాక నాకొక ముక్క రాయండి.

ప్రశ్న: మేడమ్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాయన గొర్లు మేపుతాడు. ఎండాకాలం సాయంత్రాలు ఉరుములు మొదలైతే మాకు ఇంట్లో ప్రాణం నిలవదు. ఏం జాగ్రత్త చెప్పాలి? – ఒక విద్యార్థి, అనంతపురం జిల్లా

జవాబు: బాబూ, బయలులో ఒంటరిగా నిలబడ్డ వేపచెట్టో చింతచెట్టో కనబడితే కాళ్లు అటే పోతాయి. అక్కడికే పోకూడదు. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టమను. మూడు అంకెలకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపే ఉరిమితే మందను వదిలేసైనా సరే పక్కా ఇంట్లోకి చేరాలి. ఏదీ దగ్గర్లో లేకపోతే ఇనుప కంచెకు దూరంగా, పల్లపు జాగాలో, పాదాలు రెండూ దగ్గర పెట్టుకొని గొంతుకూర్చోవాలి. పడుకోకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. నీ ఫోన్లో దామిని యాప్ వేసుకో, చుట్టుపక్కల పిడుగుల సూచన వస్తుంది. నాయన దగ్గర చిన్న ఫోనున్నా చాలు, నువ్వు చూసి చెప్పొచ్చు.

ప్రశ్న: అక్కా, మాది రాజంపేట దగ్గర. 2021లో చెయ్యేరు వచ్చినప్పుడు మా ఇల్లు పోయింది. పక్కింటి మిద్దె మీద ప్రాణాలతో మిగిలినాము. టీవీలో వాయుగుండం తీరం దాటింది అంటే అందరూ హమ్మయ్య అంటారు. మా అబ్బోడికి అప్పుడే టెన్షన్ మొదలవుతుంది, తెల్లార్లూ పడుకోడు. సముద్రం మనకు ఎక్కడో ఉంది నాయనా అని చెప్తే వినడు. ఎట్లా సముదాయించాలి? – ఒక చెల్లెలు

జవాబు: చెల్లెమ్మా, సముద్రం దూరమని వాడికి చెప్పవద్దు. మీ అబ్బోడే సరిగ్గా అర్థం చేసుకున్నాడు.

వాయుగుండం, తుపాను అనే పేర్లు గాలి వేగాన్ని బట్టి పెడతారు, వానను బట్టి కాదు. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 62 దాటితే తుపాను. మీ ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన రోజు వచ్చింది వాయుగుండమే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. దివిసీమ తారీఖు కూడా నవంబరు 19 అని చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. తీరం దాటాక గాలి తగ్గుతుంది, మేఘం తగ్గదు. శేషాచలం కొండలకు తగిలి పైకి లేచి కుమ్మరిస్తుంది. ఆ నీళ్లకు ముందు ఎగువనున్న పింఛా డ్యాము కట్ట తెగింది, ఆ వెనకే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. కార్తీక పౌర్ణమి దీపాలకని లేచిన ఆడవాళ్ల మీదికి ఏరు వచ్చింది.

మా కర్నూలు మునిగినప్పుడు పేరున్న తుపాను ఏదీ లేదు. 2009 అక్టోబరు 2. ఎగువ కర్ణాటకలో, మన దగ్గర ఏకధాటిగా కురిసింది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ డ్యాము తట్టుకోవాల్సిన లెక్క పందొమ్మిది లక్షల చిల్లర. కింద నీళ్లు పోక పైన మేం మునిగాం.

పాతబస్తీలో మా ఇంట్లోకి నీళ్లు వాకిలి నుంచి రాలేదు. వీధి ఇంకా పొడిగానే ఉంది. స్నానాల గదిలో మోరీ గుడగుడమంది. చూస్తే అందులోంచి నల్లనీళ్లు పైకి ఎగదన్నుతున్నాయి, చెంబు తేలుతోంది. మోరీ మూసుకుపోయిందనుకొని కర్రతో పొడుస్తూ పావుగంట పోగొట్టాను. ఆ పావుగంటలో సర్టిఫికెట్లు తీసుకోవచ్చు, పక్కింటి ముసలమ్మను ముందే పైకి చేర్చవచ్చు. నీళ్లు తీశాక వెనక సందులో కట్టుగొయ్యలకు కట్టేసిన బర్రెలు తాళ్లతోనే చచ్చిపడి ఉన్నాయి. ఆ వాసన ఈనాటికీ నన్ను వదల్లేదు.

అందుకని అబ్బోడికి ధైర్యం చెప్పడం కన్నా పని చెప్పండి. వీధిలో ఎవరి మిద్దెకు బయటి నుంచి మెట్లున్నాయో చూసి రమ్మనండి. రాత్రిపూట తలుపు కొట్టకుండా ఎక్కగలిగిన మిద్దె అది. ఫోన్లు చార్జింగ్ పెట్టడం, టార్చి చూడటం, ఆధార్లు, పుస్తకాలు కవర్లో కట్టడం వాడి పని. చీకటి పడకముందే బర్రెల తాళ్లు విప్పడం కూడా. పైన వంకలు ఎంత పారుతున్నాయో ఎగువ ఊళ్లలో మీ చుట్టాలెవరికైనా ఫోన్ చేసి అడిగే బాధ్యత మీ ఆయన తీసుకోవాలి. ప్రకటన వచ్చేలోపు ఆ ఫోనే ముందు పలుకుతుంది.

నిద్ర సంగతి. వరద తర్వాత మా చిన్నోడు కూడా వాన పడితే పడుకునేవాడు కాదు. ఏం కాదులే అని ఎన్నిసార్లు చెప్పినా కళ్లు మూసేవాడు కాదు. ఒక రాత్రి మా ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకొని, "రెండు దాకా నేను మేలుకుంటా, తర్వాత మీ అమ్మ మేలుకుంటుంది" అన్నాడు. పది నిమిషాల్లో వాడు నిద్రపోయాడు. మీరూ వంతులు వేసుకోండి. ఎవరు ఎప్పటిదాకా మేలుకుంటారో వాడికి ముందే చెప్పండి, చెప్పినట్టే మేలుకొని ఉండండి.