పసుపు కాగితం మీద ఎర్రటి ఉత్తర్వు

గత సంచికలో తాయెత్తులు, రక్షరేకుల గురించి ఇచ్చిన జవాబు చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదు చైనా దేశపు తావో మతం వైపు మళ్ళాయి కనుక ఈసారి స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాను. అక్కడివాళ్ళు పలికేది "దావో" అని. పాత ఇంగ్లీషు వర్ణక్రమం వల్ల మనకు "తావో" అలవాటైంది కాబట్టి దాన్నే ఉంచాను.

ప్రశ్న: మా అబ్బాయి సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవిలో వెళ్ళి నెల రోజులున్నాము. ఎదురింటి చైనా వారి గుమ్మం మీద పసుపుపచ్చ కాగితంపై ఎర్ర సిరాతో ఏదో గీసి అంటించి ఉంది. మా అబ్బాయి స్నేహితుడు చైనా భాష చదువుకున్నవాడే, అతనికీ అది అర్థం కాలేదు. అది మంత్రమా, యంత్రమా? – ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, దాన్ని వారు "ఫూ" అంటారు. నన్నడిగితే అది మంత్రమూ కాదు, యంత్రమూ కాదు, ఉత్తర్వు. ఆ మాటకు తొలి అర్థమే అది. పూర్వం చైనా రాజులు ఒక బిళ్ళను రెండుగా చీల్చి, ఒక సగం తమ దగ్గర ఉంచుకుని రెండో సగం సేనానికి ఇచ్చేవారు. రాజాజ్ఞ తెచ్చామని ఎవరైనా వస్తే రెండు ముక్కలూ అతుకుతున్నాయో లేదో చూసి నమ్మేవారు. ఆ ముక్క పేరే ఫూ. గుమ్మం మీది కాగితంలోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. సాధారణంగా పైన మూడు చిన్న గీతలుంటాయి, అవి ముగ్గురు పరమదేవతలకు గుర్తు. వాటి కింద "రాజాజ్ఞ" అనే అర్థమిచ్చే రెండు అక్షరాలు, ఆ కింద ఏ దేవతకు ఆజ్ఞ వెళుతోందో ఆ పేరు, ఏం చేయాలో ఆ పని, చివరగా పూజారి ముద్ర. ఎర్ర సిరా ఇంగిలీకంతో, అంటే పాదరసం దొరికే ఎర్రటి ఖనిజంతో, చేసినది. అక్షరాలను కావాలనే సాగదీసి, ఒకదానిలో ఒకటి కలిపి రాస్తారు. చదవవలసినవారు మనుషులు కారు కాబట్టి మీ అబ్బాయి స్నేహితుడు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

ఇటువంటి ఆజ్ఞలు, మంత్రాలు చాలావరకు ఒకే వాక్యంతో ముగుస్తాయి: "శాసనానుసారం, తక్షణం, తక్షణం." ఇది ఏ ఋషికీ స్ఫురించిన బీజాక్షరం కాదు. హాన్ వంశపు రాజుల కాలంలో సర్కారు కాగితాల చివర గుమాస్తాలు రాసే మాట. దాన్ని ఎత్తుకొచ్చి భూతప్రేతాల మీద ప్రయోగించారు.

ఈ సర్కారీ పోకడ ఎక్కడిదో తెలియాలంటే క్రీ.శ. 142కు వెళ్ళాలి. ఆ ఏట సిచువాన్ ప్రాంతంలోని హెమింగ్ కొండ మీద జాంగ్ దావోలింగ్ అనే ఆయనకు తావో మతం మూలపురుషుడిగా కొలిచే లావోజు దైవరూపంలో ప్రత్యక్షమై, "దివ్యగురువు" అనే హోదా ఇచ్చాడని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆయన అనుచరులు ఇంటికి ఐదు కుంచాల చొప్పున బియ్యం చెల్లించేవారు కాబట్టి, గిట్టనివాళ్ళు దానికి "ఐదు కుంచాల బియ్యం మతం" అని పేరు పెట్టారు. ప్రాంతాన్ని 24 కేంద్రాలుగా విభజించి ఒక్కోదానికి అధికారులను నియమించారు. ఆడవారు కూడా ఆ పదవుల్లో ఉండేవారు. మనవడు జాంగ్ లూ 215లో సేనాని త్సావ్ త్సావ్‌కు లొంగిపోయేదాకా అక్కడ నడిచింది ఇంచుమించు ప్రభుత్వమే.

ఆ ప్రభుత్వంలో రోగికి జరిగే చికిత్స చూడండి. జబ్బు చేసిందంటే ఎక్కడో తప్పు నమోదైందన్నమాట. రోగిని ఏకాంతపు గదిలో కూర్చోబెట్టి తప్పులు తలచుకోమనేవారు. అతని పేరు, పశ్చాత్తాపం మూడు ప్రతులుగా రాసి, ఒకటి కొండ మీద పెట్టి ఆకాశాధికారికి, ఒకటి పాతిపెట్టి భూమ్యధికారికి, మూడోది నీటిలో ముంచి జలాధికారికి పంపేవారు. మూడు శాఖలకు మూడు కాపీలు! ఫూను కాల్చి ఆ బూడిద నీళ్ళలో కలిపి తాగించడం కూడా ఉండేది. మనకు చిత్రగుప్తుడి చిట్టా ఉంది గాని, అందులో పద్దు దిద్దించుకోవడానికి అర్జీ ఫారం లేదు, వారికి ఉంది.

ఇప్పటికీ పెద్ద క్రతువుల్లో పూజారి మోకరిల్లి చదివే విన్నపంలో చేయించుకునేవారి ఇంటి చిరునామా, కుటుంబంలో అందరి పేర్లు, తేదీ వరుసగా ఉంటాయి. చదివాక కవరులో పెట్టి కాలుస్తారు, పొగే తపాలా. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. మన ఇళ్ళలో వ్రతానికి వచ్చిన పురోహితుడు "శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే" అని చెన్నై ఆనవాలు చెప్పి, గోత్రనామాలు చదివినప్పుడు చేస్తున్నదీ చిరునామా రాయడమే. తేడా ఒక్కటే, మనం నోటితో చెప్పి ఊరుకుంటాము. రాజాజీ సాలైలో కలెక్టరాఫీసు ముందు అర్జీలు రాసిపెట్టేవారిని చూశారా? ఒళ్ళో అట్ట పెట్టుకుని, వచ్చినవాడి గోడు సగం వినకుండానే "పంపువారు", "పొందువారు" అని పైన రాసేస్తారు. తావో పూజారిలో ఋషి కంటే ఆ రాయసగాడే నాకు ఎక్కువగా కనిపిస్తాడు.

ప్రశ్న: "తావో తే చింగ్" తెలుగులో చదివాను. అందులో మంత్రతంత్రాలేవీ లేవు. మరి ఈ తంతు అంతా ఎక్కడి నుంచి వచ్చింది? వారికి వేదం లాంటి గ్రంథం ఏది? – ఒక విశ్రాంత అధ్యాపకుడు, టి. నగర్

జవాబు: అయ్యా, మీరు చదివినది సముద్రంలో చెంబెడు. లావోజు పేరిట ఉన్న తావో తే చింగ్ 81 అధ్యాయాలు, సుమారు 5,000 అక్షరాలు. అది చాలా పాతదనడానికి గట్టి ఆధారాలున్నాయి: 1973లో మావాంగ్‌దుయ్ వద్ద క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన ప్రతులు రెండు దొరికాయి. 1993లో గువోదియాన్ వద్ద అంతకంటే పాతవైన వెదురుబద్దల ప్రతులు దొరికాయి. పట్టు ప్రతుల్లో "తే" భాగం ముందు, "తావో" భాగం వెనుక ఉండడం విశేషం. అయితే 1445లో మింగ్ చక్రవర్తి ఆజ్ఞతో అచ్చయిన తావో గ్రంథసర్వస్వంలో 5,305 చుట్టలున్నాయి, 1607లో అనుబంధం కూడా వచ్చింది. మీ చిన్న పుస్తకం అందులో ఒక మూల ఉంటుంది. మిగిలినదాంట్లో క్రతువులు, దేవతల జాబితాలు, రసవాదం, ఊపిరి సాధనలు, కొండల చరిత్రలు ఉన్నాయి.

మీరు వేదం అన్నారు కాబట్టి "అపౌరుషేయం" అన్న భావన వారికీ ఉందని చెప్పాలి. క్రీ.శ. 364 నుంచి 370 వరకు యాంగ్ షీ అనే ఆయనకు రాత్రిళ్ళు దివ్యులు దిగివచ్చి గ్రంథాలు చెప్పారట. వారిలో ముఖ్యురాలు వెయ్ హువాచున్, అప్పటికే పరమపదించిన ఒక గృహిణి. ఆ కాగితాలను తర్వాత మావోషాన్ కొండ మీద తావ్ హోంగ్‌జింగ్ (456–536) సేకరించి, చేతిరాత చూసి అసలేదో నకిలీ ఏదో తేల్చాడు. దేవతలు చెప్పినదానికి దస్తూరి పరీక్ష చేసిన పండితుడు ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఈ శాఖ షాంగ్‌చింగ్. దీనిలో క్రతువు కంటే ధ్యానం ఎక్కువ.

దాని వెనుకే 400 ప్రాంతంలో లింగ్‌బావ్ గ్రంథాలు వచ్చాయి, అవి మనకు మరీ ఆసక్తికరం. బౌద్ధం నుంచి ధారాళంగా తీసుకున్నాయి. వాటిలో ప్రధానమైన తారక గ్రంథంలో "మహాబ్రహ్మ రహస్యభాష" అని 256 అక్షరాలున్నాయి. 32 స్వర్గాలకు ఎనిమిదేసి. చైనా చెవికి సంస్కృతంలా వినిపించేటట్టు కూర్చిన ధ్వనులవి. సంస్కృతం తెలిసినవాడు వింటే ఒక్క ముక్క అర్థం కాదు! మనవాళ్ళు పెళ్ళిమంత్రం అర్థం తెలియకపోయినా వింటూ కూర్చోవడంలో ఉన్న నమ్మకమే అక్కడా పనిచేసింది.

నేడు మిగిలిన ప్రధాన శాఖలు రెండు. జియాంగ్‌షీలోని లోంగ్‌హు కొండను కేంద్రంగా చేసుకున్న జెంగ్‌యీ వారు దివ్యగురువుల వారసులు, పెళ్ళాం బిడ్డలతో ఇళ్ళలో ఉండే పురోహితులు. చ్వాన్‌జెన్ వారు సన్యాసులు. వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) స్థాపించిన శాఖ, బీజింగ్‌లోని శ్వేతమేఘ మందిరం వారిదే. ఆయన శిష్యుడు చియు చుజీ ముదిమి వయసులో నడుచుకుంటూ, బండ్లెక్కుతూ హిందూకుష్ దాకా వెళ్ళి 1222లో చంఘీజ్ ఖాన్‌ను కలిశాడు. చావు లేని మందు తెచ్చావా అని ఖాన్ అడిగితే, ప్రాణాన్ని కాపాడుకునే దారి ఉంది గాని చావు లేని మందు లేదని మొహం మీదే చెప్పాడు. తల తీయించకుండా ఖాన్ ఆయనను గౌరవించాడు.

ప్రశ్న: తావో తే చింగ్‌ను ఏనాడో సంస్కృతంలోకి అనువదించారని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా? – ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: నిజమే. కామరూప (నేటి అస్సాం) రాజు భాస్కరవర్మ కోరాడని, 647లో తాంగ్ చక్రవర్తి ఆ పని హ్యూన్‌త్సాంగ్‌కు అప్పగించాడు. బౌద్ధుడైన ఆయనకు తోడుగా తావో పండితులను కూర్చోబెట్టాడు, ఇక పోట్లాట మొదలైంది. "తావో" అన్న మాటకు "బోధి" అని రాయమని వారు పట్టుబట్టారు. "మార్గం" అనే రాస్తానని ఈయన భీష్మించాడు. చివరికి ఈయన మాటే నెగ్గింది. పీఠికను కూడా అనువదించమంటే, పళ్ళు టకటక కొట్టుకోవడం, ఉమ్మి మింగడం వంటి సాధనల గురించి అందులో ఉందని, భారతదేశంలో నవ్వుతారని నిరాకరించాడు. మన ప్రాణాయామ గ్రంథాలు ఆయన చూడలేదేమో. ఆ సంస్కృత ప్రతి నేడు దొరకడం లేదు.

ప్రశ్న: పళని మురుగన్ విగ్రహం చేసిన బోగర్ సిద్ధుడు చైనా నుంచి వచ్చిన తావో యోగి అంటారు. రసవాదం మనకు వారి నుంచి వచ్చిందా? – ఒక పాఠకుడు, చూళైమేడు

జవాబు: బోగర్ నవపాషాణాలతో, అంటే తొమ్మిది విషపదార్థాలతో, ఆ మూర్తిని చేశాడని, చైనాకు రాకపోకలు చేశాడని తమిళ సంప్రదాయం చెబుతుంది. లావోజుకు "బోయాంగ్" అనే పేరుంది కాబట్టి ఇద్దరూ ఒకరేనని కొందరు లంకె వేస్తారు. పేర్ల పోలిక ఆధారం కాదు. బోగర్ పేరిట నేడు దొరికే పద్యాల భాష అంత పాతదీ కాదు. తమిళ వర్తకులు చైనాలో ఉన్నదానికి మాత్రం రాతి సాక్ష్యం ఉంది. చ్వాన్‌జౌ రేవులో 1281 నాటి తమిళ శాసనం శివాలయాన్ని గురించి చెబుతుంది. సరిగ్గా ఆ ఏడే కుబ్లయ్ ఖాన్ తావో తే చింగ్ మినహా తావో గ్రంథాలన్నీ తగలబెట్టమని ఆజ్ఞాపించాడు. మనవాళ్ళు గుడి కట్టుకున్న ఏడు వాళ్ళ పుస్తకాలు కాలాయి.

రసవాదం ఎవరి నుంచి ఎవరికి అన్నది ఒక్క గీతలో తేలేది కాదు. పాదరసం, గంధకం, ఇంగిలీకం ఇద్దరివీ. శ్రీశైలంతో నాగార్జునుడి పేరు ముడిపెట్టి మనమూ ఎన్నో కథలు చెప్పుకుంటాము. వారిలో గే హోంగ్ (283–343) ఇంగిలీకం నుంచి పాదరసం, మళ్ళీ పాదరసం నుంచి ఇంగిలీకం రావడం చూసి, కాలినా తిరిగొచ్చే ఈ పదార్థమే మనిషికి చావు తప్పిస్తుందని నమ్మాడు. తాంగ్ చక్రవర్తులు కొందరు ఆ నమ్మకానికి బలయ్యారు. 846లో వూజోంగ్, 859లో ష్వాన్‌జోంగ్ గుళికలు మింగే పోయారు. మరో పాత గ్రంథం గంధకం, మణిశిల (ఆర్సెనిక్ ఉన్న ఎర్రరాయి), సురేకారం తేనెతో కలిపి కాల్చవద్దని, అలా చేసినవారికి చేతులు, మొహం కాలి కొంప కూడా అంటుకుందని హెచ్చరిస్తుంది. చావు లేని మందు వెతికినవారికి తుపాకి మందు దొరికింది. అందుకని, అయ్యా, ఎవరైనా పాషాణభస్మం అమ్మజూపితే మీ డాక్టరును అడగకుండా నోట పెట్టకండి.

ప్రశ్న: తావో "పంచవజ్ర" పిడుగు మంత్రం పది రోజుల్లో ఆన్‌లైనులో నేర్పుతామని ప్రకటన చూశాను. రుసుము 7,500 రూపాయలు. చేరవచ్చా? – ఒక యువ పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: పిడుగు విద్యలు సోంగ్ వంశపు కాలంలో బాగా ప్రచారంలోకి వచ్చినవి; వానలు కురిపించడానికి, దయ్యాలను దండించడానికి వాడేవారు. వాటిలో మీరు వీడియో చూసి అనుకరించగలిగినవి చాలా ఉన్నాయి. బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులను వరుసగా నొక్కడం ఉంది, సంధ్యావందనంలో కరన్యాసం చేసినవారికి అది రెండు నిమిషాల పని. సప్తర్షి మండలాన్ని నేల మీద ఊహించుకుని ఒక్కో నక్షత్రం మీద అడుగు వేస్తూ, వరదలను అరికట్టిన యూ మహారాజు కుంటినడకలాగా వెనుక కాలు ఈడ్చడం ఉంది, అదీ వస్తుంది.

రానిది ఒకటుంది. పూజారికి దీక్షలో "లూ" అనే పట్టీ ఇస్తారు; అతని అధీనంలో ఏ ఏ దివ్యసేనానులు ఉంటారో వారి పేర్లు అందులో ఉంటాయి. తొలి రోజుల్లో 7 ఏళ్ళ పిల్లలకు ఒక్క సేనాని ఉన్న పట్టీ ఇచ్చి, పెద్దయ్యేకొద్దీ 10, 75, 150 చేసేవారు. ఆ పట్టీ గురువు చేతి నుంచి రావాలి, పైలోకపు దస్త్రంలో నమోదు కావాలి. అది లేకుండా పిడుగును పిలవడం, బర్మా బజారులో తాసిల్దారు ముద్ర చెక్కించుకుని పట్టాలు రాసివ్వడం లాంటిదని వారి గ్రంథాల లెక్క. దొంగ ఉత్తర్వు రాసినవాడికి శిక్ష కూడా అదే ఆఫీసు వేస్తుంది. ఆ ప్రకటన వారిని మీ పట్టీ ఏ గురువు ఇచ్చాడు, ఏ కొండ మీద, ఏ ఏడు అని అడిగి చూడండి. జవాబు వచ్చాక రుసుము సంగతి ఆలోచించవచ్చు.