ఒంటిమీద కోపం తగ్గించుకో, అమ్మడూ

అమ్మడూ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. బరువు పెరిగావని కాదు. "అద్దం చూసుకోవాలంటేనే అసహ్యం వేస్తోంది పెద్దమ్మా" అని రాశావు చూడు, ఆ మాటకి. 52 ఏళ్లుగా నిన్ను మోసుకు తిరుగుతున్న ఒళ్లు అది. దానిమీద అంత కోపం ఎందుకే?

నోరు కట్టుకోలేకపోవడం వల్లే ఇలా అయ్యానని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. ముట్లు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది. అంతవరకు తుంటి దగ్గర, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్ట దగ్గర చేరడం మొదలుపెడుతుంది. తిండి ఏమీ మార్చకపోయినా నడుం కొలత మారిపోతుంది. దానికితోడు 30 దాటిన దగ్గర్నుంచి కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తుంది, 60 దాటాక ఇంకా వేగంగా. రాత్రిళ్లు ఒళ్లంతా వేడెక్కి నిద్ర చెడుతుంది. ఇవన్నీ కలిసి ఒక్కసారే మీద పడిన వయసు నీది. ఇందులో నీ తప్పు ఎక్కడుంది?

మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చు పెట్టే వేగం, పడిపోయింది, మా పొడి తాగండి అంటూ ఫోన్‌లో వచ్చేవాళ్లు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. 2021లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఒంటి సైజు, కండ లెక్కలోకి తీసుకుని చూస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి దాదాపు మారదని తేలింది. పడిపోనిదాన్ని లేపుతామని చెప్పి నీ దగ్గర డబ్బులు గుంజుతున్నారు. ఆ వీడియోలు చూడటం మానెయ్. ఒకటి రెండు కాదు, అన్నీ.

డైట్ మొదలుపెట్టాక తిండి తప్ప వేరే ఆలోచనే రావట్లేదని సిగ్గుపడుతూ రాశావు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యమైన కుర్రాళ్ల తిండిని సుమారు సగానికి తగ్గించి ఆరు నెలలు చూశాడు. వాళ్లకు తిండి గురించే కలలు, తిండి గురించే మాటలు. కొందరు వంట పుస్తకాలు పోగేసుకున్నారు. చిరాకు, దిగులు, నీరసం. మళ్లీ కడుపునిండా పెట్టినా చాలామందికి చాలాకాలం ఆకలి తీరలేదు. కోరి ఆ ప్రయోగానికి వచ్చిన యువకులే అలా అయిపోతే, ఇంటిపనీ ఆఫీసు పనీ చేసుకుంటూ కడుపు మాడ్చుకున్న నీకు తిండిమీద ధ్యాస పోవడంలో వింతేముంది? పైగా ఈ వయసులో అలా మాడ్చుకుని బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిరిగి పెరిగేటప్పుడు అంత కండ రాదు.

నీ ఒంటిని ప్రేమించమని నేను చెప్పను. అది చెబితే వచ్చేది కాదు. మర్యాదగా చూడు, చాలు. మొదట బీరువా తెరువు. తగ్గాక వేసుకుంటానని దాచిన బట్టలు ఎవరికైనా ఇచ్చేసి, ఇప్పటి కొలతకు కుట్టించుకో. బొత్తాం బలవంతంగా పెట్టుకుంటే నడుం చుట్టూ ఎర్రగా గాడి పడుతుంది కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది నిన్ను పొడుస్తూనే ఉంటుంది. వదులు బట్ట వేసుకున్న రోజు పొట్ట సంగతే గుర్తుకు రాదు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ నా లెక్కలో మిగతా అన్నిటికంటే ముందు చేయాల్సింది.

తర్వాత బలం. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి చూడు. మొదట్లో ముందుకు ఊగుతావు, తొడలు వణుకుతాయి, ధబ్‌మని కూలబడతావు. అలా కూలబడకుండా మెల్లగా కూర్చోవడమే అసలు పని. రోజూ చేయి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్రతి పూటా భోజనంలో ప్రోటీన్ ఉండేలా చూసుకో, రాత్రి భోజనం ఎగ్గొట్టకు. రోజూ బరువు మిషన్ ఎక్కడం ఆపెయ్. నాకు డెబ్బై దాటాయి, మంచం కింద పడ్డ కళ్లజోడు నేనే వంగి తీసుకుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తాను. నాకు కావాల్సిన కొలత అదే.

"ఏంటి ఇలా అయిపోయావ్" అనేవాళ్లు ఉంటారు. "నా ఒంటి సంగతి వద్దులే, నువ్వెలా ఉన్నావు?" అని మాట మార్చెయ్. నువ్వు కూడా ఎవరినీ "చిక్కావు, బాగున్నావు" అనకు. నా స్నేహితురాలు జబ్బుతో చిక్కిపోతుంటే కనబడ్డ ప్రతివాళ్లూ ఏ డైట్ చేస్తున్నావని అడిగారు. ఆమె ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు నేను మర్చిపోలేను. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో 5 శాతం తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అలాగని డాక్టర్ మాట, అమ్మేవాళ్ల మాట ఒకే గాటన కట్టకు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. అందులో ఏదైనా తేడా వస్తే ఏం తినాలో, ఎంత తినాలో ఆయన్నే అడుగు. "బరువు తగ్గండి" అని ఊరుకుంటే ఎలా తగ్గాలి, కండ పోకుండా ఏం చేయాలి అని గుచ్చి గుచ్చి అడుగు, మొహమాటపడకు. మోకాళ్ల నొప్పి సంగతీ చెప్పు. పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశావు, నేను మర్చిపోలేదు.

రిపోర్టులు రాగానే నాకు ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ