గోల్స్ కొట్టని డిఫెన్స్‌మన్‌ని స్కౌట్లు చూస్తారా?

మినసోటాలో హైస్కూల్ ఐస్ హాకీ ఆడే మీ అబ్బాయికి గోల్స్ లేవు, కాలేజీ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్ల కంట పడడేమో అన్నారు. టెన్షన్ వద్దండీ, ఎదుటి జట్టు దాడిని ఆపే డిఫెన్స్‌మన్‌ని ఒక్క గోల్స్‌తోనే తూచరు.

మూలకు పోయిన పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) కోసం వెళ్తూ, అది అందేలోపే భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా? అందగానే తోటి ఆటగాడి స్టిక్‌కి సూటిగా పాస్ ఇస్తున్నాడా, కంగారుపడి గోడకేసి కొడుతున్నాడా? నన్నడిగితే సగం తీర్పు అక్కడే. వెనక్కి స్కేటింగ్ చేస్తూ ఎదుటివాడికి ఎంత దూరం ఇస్తున్నాడన్నది మరొకటి.

వీడియోలో హైలైట్సే కాదు, ఐస్ మీదకు దిగినప్పటి నుంచి బెంచీకి వచ్చేదాకా పూర్తి షిఫ్టులు కూడా పెట్టండి, తప్పులతో సహా. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతిలో వచ్చే జనవరి 1కి ముందు పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. తొమ్మిదిలోనే ఫోన్ రాలేదని బెంగపడకండి.